మా నాయన ప్లేట్‌లెట్లు 34 వేలకు పడిపోయాయి, ఐసీయూ డాక్టర్లు ఎందుకు ఎక్కించడం లేదు?

చెల్లెమ్మా, మీరు రాసింది రెండుసార్లు చదివాను. మిగతావాళ్ళకు కూడా అర్థం కావాలి కాబట్టి ముందు మీ విషయం నాలుగు ముక్కల్లో చెప్తాను. మీ నాయనకు 58 ఏళ్ళు, హాలియా దగ్గర వ్యవసాయం, చాలా ఏళ్ళుగా షుగర్ ఉంది. ఎడమ కిడ్నీ నుంచి దిగే మూత్రనాళంలో రాయి అడ్డం పడి, వణుకుతో జ్వరం వచ్చి, బీపీ పడిపోయి నల్గొండలో ఒక ప్రైవేటు దవాఖాన ఐసీయూలో చేరి ఇవాళ్టికి ఏడు రోజులు. రెండో రోజు స్టెంట్ (మూత్రం దిగడానికి ఆ నాళంలో పెట్టే సన్న గొట్టం) వేశారు. ప్లేట్‌లెట్లు చేరిన రోజు 1,90,000. తర్వాత వరుసగా 1,10,000, 68,000, 45,000, ఐదో రోజు 34,000. ఆ రోజు డయాలసిస్ కోసం మెడ దగ్గర లైన్ (సిరలోకి పెట్టే గొట్టం) వేసే ముందు ఒక ఎస్‌డీపీ బ్యాగ్, అంటే ఒకే డోనర్ నుంచి మెషీన్‌తో తీసిన ప్లేట్‌లెట్లు, ఎక్కిస్తే సాయంత్రానికి 58,000 వచ్చింది. ఆరో రోజు 46,000, ఇవాళ 47,000. ఇంకో బ్యాగ్ ఎక్కించమంటే అవసరం లేదంటున్నారు. మీ బాబాయి "డెంగీ అయితే దాస్తున్నారు, పట్నం తీసుకుపోదాం" అంటున్నారు. మీ మేనత్త బొప్పాయి ఆకు రసం సీసాతో ఐసీయూ బయట కూర్చున్నది.

నేను 20 ఏళ్ళుగా ఐసీయూల్లోనే ఉన్నాను. మొదట మహబూబ్‌నగర్, ఆ తర్వాత నల్గొండ. మీ నాయనను నేను చూడలేదు కాబట్టి ఫలానా మందు ఆపండి, ఫలానాది పెట్టండి అని చెప్పను. కానీ మీరు పంపిన అంకెలు చదవడం ఎలాగో చెప్పగలను. నిజానికి ఆ అంకెల్లో మీకు కావలసిన జవాబు చాలావరకు ఉంది.

ప్లేట్‌లెట్లు అంటే రక్తం గడ్డకట్టడానికి తోడ్పడే చిన్న కణాలు. మామూలు మనిషికి ఒక మైక్రోలీటర్ రక్తంలో లక్షన్నర నుంచి నాలుగున్నర లక్షల దాకా ఉంటాయి. ఎముక మూలుగలో పుట్టి, ఎనిమిది పది రోజులు బతికి పోతుంటాయి. ఐసీయూలో చేరినవాళ్ళలో ఇవి లక్షన్నర కంటే తగ్గడం చాలా మామూలు. ఇన్ఫెక్షన్ రక్తానికి పాకి, బీపీ పడిపోయిన మనిషిలో తగ్గకపోతేనే మేం కొంచెం ఆశ్చర్యపోతాం. అందువల్ల 34,000 అన్న అంకె వినగానే మీకు గుండె జారిపోయినంతగా డాక్టర్ కంగారు పడకపోవడం నిర్లక్ష్యం కాదు. ఆయన చూస్తున్నది వేరే. ఎందుకు పడుతున్నాయి, ఎంత వేగంగా పడుతున్నాయి, ఎక్కడ ఆగాయి అని చూస్తున్నాడు.

ఎందుకు అన్నది ముందు చూద్దాం. మీ నాయనకు రాయి వెనక మూత్రం నిలిచిపోయి, అందులో చీము పట్టి, ఆ క్రిములు రక్తంలోకి వచ్చాయి. దీన్నే సెప్సిస్ అంటాం. అప్పుడు సన్న రక్తనాళాల లోపలి పొర అంతా వాచినట్టవుతుంది. ప్లేట్‌లెట్లు వెళ్ళి ఆ గోడలకు అతుక్కుంటాయి, తెల్లకణాలతో కలిసి క్రిములను పట్టే వలలాగా అల్లుకుంటాయి. రక్తం బయటికి కారకపోయినా లోపలే ఖర్చయిపోతాయి. అదే సమయంలో మూలుగ కూడా జబ్బు దెబ్బకు మందగిస్తుంది. దానికి తోడు బీపీ నిలబెట్టడానికి మొదటి రోజు లీటర్ల కొద్దీ సెలైన్ పోసి ఉంటారు కాబట్టి ఉన్న రక్తం కూడా పలచనవుతుంది. చేరిన రోజు 1,90,000 ఉండి మర్నాటికే 1,10,000 కావడంలో ఈ పలచబడటానికి కూడా వాటా ఉంటుంది.

కిడ్నీలోనూ ఊపిరితిత్తుల్లోనూ ఉండే సన్న నాళాల్లోనే ఇదంతా జరుగుతుంది. అందుకే ప్లేట్‌లెట్లు పడిపోవడమూ కిడ్నీ మొండికేయడమూ చాలాసార్లు జోడుగా వస్తాయి. ఐసీయూలో అవయవాలు ఎంత దెబ్బతిన్నాయో లెక్కవేసే సోఫా స్కోరులో మెదడు, ఊపిరితిత్తులు, గుండె, లివర్, కిడ్నీలతో పాటు ప్లేట్‌లెట్లకూ మార్కులు ఉన్నది ఇందుకే. లక్షన్నర కంటే తగ్గితే 1, లక్ష కంటే తగ్గితే 2, 50,000 కంటే తగ్గితే 3, 20,000 కంటే తగ్గితే 4. అంటే ఈ కౌంట్ జబ్బు ఎంత లోతుకు పోయిందో చెప్పే కొలత. జ్వరం కొలిచే థర్మామీటర్‌ను చల్లబరిస్తే జ్వరం తగ్గదు కదా, బయటి నుంచి ప్లేట్‌లెట్లు పోసి కౌంట్ పెంచినా సెప్సిస్ తగ్గదు. పోసినవి కూడా పోయి ఆ గోడలకే అతుక్కుంటాయి.

మీ రిపోర్టులోనే దీనికి రుజువు ఉంది. ఒక ఎస్‌డీపీ బ్యాగ్ ఎక్కిస్తే మామూలుగా 30,000 నుంచి 50,000 దాకా పెరగాలి. మీ నాయనకు 24,000 మాత్రమే పెరిగింది, మర్నాటికి అందులో సగం పోయింది. ఇంకో రెండు బ్యాగులు ఎక్కించినా ఇదే జరిగేది. కానీ ఆరో రోజు 46,000, ఏడో రోజు బయటి నుంచి ఏమీ ఎక్కించకుండానే 47,000. నాకు ఈ ఏడు రోజుల అంకెల్లో అన్నిటికన్నా విలువైనది ఆ చివరిదే. పడటం ఆగింది. 47 అన్నది చూడటానికి చిన్నదే, కానీ సొంతంగా నిలబడ్డది. రేపూ ఎల్లుండీ ఇలాగే నిలబడినా, కొద్దిగా పెరిగినా మూలుగ తేరుకుంటోందని అర్థం. రెండో రోజు వేసిన స్టెంట్ ఫలితం ఇప్పుడు కనిపించడం కూడా సహజమే. అడ్డు తొలగి చీము దిగిపోయినా మూలుగ కొత్తవి తయారుచేసి పంపడానికి నాలుగైదు రోజులు పడుతుంది. తేరుకున్నాక ఒక్కోసారి కౌంట్ ఎగిరి 5 లక్షలు కూడా దాటుతుంది. అప్పుడు మళ్ళీ టెన్షన్ పడకండి, అది దానంతటదే దిగుతుంది.

ఒకవేళ నాలుగైదు రోజులు దాటినా కౌంట్ లేవకపోతే, లేదా లేచి మళ్ళీ పడితే మాత్రం డాక్టర్‌ను గట్టిగా అడగాల్సిందే. చీము ఇంకా ఎక్కడైనా నిలిచిందా, స్టెంట్ సరిగ్గా పనిచేస్తోందా, కిడ్నీ స్కానింగ్ మళ్ళీ తీశారా, కల్చర్ రిపోర్టులో పెరిగిన క్రిమికి ఇప్పుడిచ్చే యాంటీబయాటిక్ పనిచేస్తుందా అని. ప్లేట్‌లెట్ బ్యాగ్ అడగడం కంటే ఈ ప్రశ్నలు మీ నాయనకు ఎక్కువ మేలు చేస్తాయి.

"మరి ఐదో రోజు ఎక్కించి, ఇప్పుడెందుకు వద్దంటున్నారు?" అని మీరు అడిగింది న్యాయమైన ప్రశ్న. ఐదో రోజు మెడలోని పెద్ద సిరలోకి లావుపాటి లైన్ వేయాలి. కౌంట్ 10,000 నుంచి 50,000 మధ్య ఉన్నవాళ్ళకు ఇలాంటి లైన్ వేసేముందు ప్లేట్‌లెట్లు ఎక్కించాలా వద్దా అని నెదర్లాండ్స్‌లో ఒక పెద్ద పరిశోధన జరిగింది, 2023లో ఫలితాలు వచ్చాయి. ఎక్కించినవాళ్ళలో లైన్ దగ్గర చెప్పుకోదగ్గ రక్తస్రావం నూటికి ఐదుగురికి అయితే, ఎక్కించనివాళ్ళలో దాదాపు పన్నెండుగురికి అయింది. కాబట్టి ఆ రోజు ఎక్కించింది ఒక పని కోసం. పని అయిపోయింది. ఇప్పుడు రక్తం కారడం లేదు, కొత్తగా సూది గుచ్చే పెద్ద పనీ లేదు.

రక్తం కారని మనిషికి ఊరికే జాగ్రత్త కోసం ఎక్కించాలంటే చాలాచోట్ల పెట్టుకున్న గీత 10,000. రక్తస్రావం అయ్యే ప్రమాదం ఎక్కువగా ఉందనిపిస్తే 20,000. ఎక్కడైనా రక్తం కారుతుంటే, లేదా ఆపరేషన్ చేయాల్సి ఉంటే 50,000 పైన ఉంచుతాం. మెదడుకు సంబంధించినదైతే లక్ష. మీ నాయన 47,000 దగ్గర ఏ రక్తస్రావమూ లేకుండా ఉన్నారు కాబట్టి అవసరం లేదన్న మాట సరైనదే.

"అవసరం లేకపోయినా ఎక్కిస్తే పోయేదేముంది" అని మీ బాబాయి అనవచ్చు. పోయేది ఉంది. ప్లేట్‌లెట్లను ఫ్రిజ్‌లో పెట్టరు, 20 నుంచి 24 డిగ్రీల వేడిలో, ఊపుతూ, ఐదు రోజుల దాకా నిల్వ ఉంచుతారు. ఆ వేడిలో క్రిములు పెరిగే అవకాశం రక్తం బ్యాగ్ కంటే ఎక్కువ. చలి జ్వరం, ఒంటి మీద దద్దుర్లు రావడం మామూలు. అరుదుగా ఊపిరితిత్తుల్లో నీరు చేరి మళ్ళీ వెంటిలేటర్ మీదికి పోవాల్సి వస్తుంది. మొన్ననే వెంటిలేటర్ నుంచి బయటపడ్డ మనిషి విషయంలో ఆ చివరిది నాకు చిన్న విషయంగా కనిపించదు.

ఇక ఒక సంగతి కొంచెం వివరంగా చెప్తాను, ఎందుకంటే దీన్ని నేను ఒక మనిషి కాలు పోయాక నేర్చుకున్నాను. నేను కొత్తగా డ్యూటీలో చేరిన రోజుల్లో, అరవై దాటిన ఒక పెద్దాయన తుంటి ఎముక ఆపరేషన్ అయ్యాక ఐసీయూలో ఉన్నాడు. కాళ్ళలో రక్తం గడ్డకట్టకుండా రోజూ హెపారిన్ ఇంజెక్షన్ ఇస్తున్నాం. ఏడు రోజులు బాగానే ఉన్నాడు. ఎనిమిదో రోజు ప్లేట్‌లెట్లు రెండున్నర లక్షల నుంచి 80,000కు వచ్చాయి. ఇన్ఫెక్షన్ అనుకుని యాంటీబయాటిక్ మార్చాను, ప్లేట్‌లెట్లు ఎక్కించాను. హెపారిన్ ఆపలేదు. మూడో రోజు పొద్దున కాలు చల్లబడి నల్లగా ఉంది. పట్నంలో ఉన్న మా సార్‌కు ఫోన్ చేస్తే ఆయన అడిగిన మొదటి మాట, "హెపారిన్ మొదలుపెట్టి ఎన్నో రోజు?" అప్పటికి ఆలస్యమైంది. మోకాలి కింద తీసేయాల్సి వచ్చింది.

దాన్ని హిట్ అంటారు. హెపారిన్ వల్ల ఒంట్లో పుట్టే యాంటీబాడీలు ప్లేట్‌లెట్లను రెచ్చగొడతాయి. కౌంట్ పడుతుంది, కానీ రక్తం కారడానికి బదులు గడ్డకడుతుంది. అప్పుడు ప్లేట్‌లెట్లు పోయడం నిప్పులో నూనె పోయడమే. ఐసీయూ రోగుల్లో వందలో ఒకరికి కూడా రాదు, కానీ మర్చిపోకూడని జబ్బు. దీనికి గుర్తు తేదీలు. హెపారిన్ మొదలైన ఐదో రోజు నుంచి పదో రోజు మధ్యలో, అప్పటిదాకా బాగున్న కౌంట్ సగానికి పడిపోతుంది. ఎంత పడింది, ఎప్పుడు పడింది, ఎక్కడైనా గడ్డకట్టిందా, వేరే కారణం ఉందా అని నాలుగు విషయాలకు మార్కులు వేస్తాం. మొత్తం మూడు లేదా అంతకంటే తక్కువ వస్తే హిట్ దాదాపు కాదనుకోవచ్చు. ఆ రోజు నుంచి నా వార్డులో ప్రతి మంచం దగ్గరా హెపారిన్ మొదలుపెట్టిన తేదీని చార్టు పైన రాయిస్తున్నాను.

మీ నాయనకు కౌంట్ రెండో రోజు నుంచే పడింది, వెనక పెద్ద ఇన్ఫెక్షన్ ఉంది. కాబట్టి హిట్ అనిపించడం లేదు. అయినా రెండు సంగతులు డాక్టర్‌తో మాట్లాడండి. గత మూడు నెలల్లో వేరే దవాఖానలో ఎక్కడైనా హెపారిన్ ఇచ్చి ఉంటే ఆ సంగతి మీరే చెప్పండి, ఎందుకంటే అప్పుడు తొలిరోజే పడవచ్చు. మీ నాయనకు ఇచ్చే హెపారిన్ ఇంజెక్షన్ నాలుగో రోజు ఆపేశారన్నారు కదా, డయాలసిస్ మెషీన్‌లో, మెడ లైన్ మూసేటప్పుడు నింపే మందులో హెపారిన్ వాడుతున్నారా అనేది రెండోది. వాడటం తప్పు కాదు. హెపారిన్ లేకుండా కూడా డయాలసిస్ చేయవచ్చు, అది డాక్టర్ చూసుకుంటారు. కానీ "ఆపేశాం" అనుకున్న మందు ఆ దారిన లోపలికి పోతుంటే అందరికీ తెలిసి ఉండాలి.

మొత్తానికి తేదీలు చాలా చెప్తాయి. చేరిన నాలుగు రోజుల్లోపు పడితే ఎక్కువగా అసలు జబ్బు, సెలైన్, రక్తస్రావం. బాగుపడుతున్న మనిషికి వారం తర్వాత పడితే మందులు, లేదా లైన్ల నుంచి కొత్త ఇన్ఫెక్షన్. లినెజోలిడ్ అనే యాంటీబయాటిక్ పది రోజులు దాటితే ప్లేట్‌లెట్లు తగ్గిస్తుంది, కిడ్నీ పనిచేయనివాళ్ళలో అంతకంటే ముందే. వాంకోమైసిన్, పైపెరాసిలిన్, ఫిట్స్ మందు వాల్‌ప్రొయేట్ కూడా ఈ జాబితాలో ఉన్నాయి.

ఇంకోటి, అంకె నిజమేనా అన్నది. ఒకసారి మిర్యాలగూడ నుంచి వచ్చిన ఒక అమ్మకు కౌంట్ 9,000 అని రిపోర్టు వచ్చింది. ఒంటి మీద ఒక్క మచ్చ లేదు, చిగుళ్ళు శుభ్రంగా ఉన్నాయి. బంధువులు రాత్రికి రాత్రే పట్నం పోవడానికి అంబులెన్స్ మాట్లాడేశారు. ల్యాబ్ అబ్బాయిని లేపి స్లైడు వేయిస్తే ప్లేట్‌లెట్లు గుంపులు గుంపులుగా అతుక్కొని ఉన్నాయి. ఊదారంగు మూత సీసాలో రక్తం గడ్డకట్టకుండా వేసే ఈడీటీఏ మందు వల్ల కొందరి రక్తంలో ఇలా జరుగుతుంది, మెషీన్ ఆ గుంపులను లెక్కపెట్టలేదు. నీలం మూత సీసాలో తీసి మళ్ళీ చేస్తే 1,60,000 వచ్చింది. మనిషికీ అంకెకూ పొంతన లేనప్పుడు "స్లైడు మీద చూశారా సార్" అని అడగడానికి మొహమాటపడకండి.

డెంగీ సంగతి. ఆగస్టు, సెప్టెంబరు వస్తే మన దగ్గర ప్లేట్‌లెట్లు తగ్గాయనగానే అందరి నోటా డెంగీయే. కానీ డెంగీలో తెల్లకణాలు సాధారణంగా తగ్గుతాయి, రక్తం చిక్కబడి హెమటోక్రిట్ (రక్తంలో ఎర్రకణాల వాటా) పెరుగుతుంది, జ్వరం దిగే రోజుల్లో కౌంట్ అడుగుకు పోతుంది. మీ నాయనకు తెల్లకణాలు 24,000, మూత్రంలో చీము, స్కానింగ్‌లో రాయి. కారణం కళ్ళముందే ఉంది. డెంగీయే అయినా, రక్తం కారకుండా ఊరికే ప్లేట్‌లెట్లు ఎక్కించడం వల్ల మేలు లేదని సింగపూర్, మలేషియాలలో చేసిన పరిశోధన 2017లో చూపించింది. వేరేవాళ్ళ కోసం ఒక్క మాట: కారణం తెలియని జ్వరంతో కౌంట్ పడితే మన జిల్లాల్లో మలేరియా, ఎలుకల మూత్రంతో వచ్చే లెప్టోస్పైరా, స్క్రబ్ టైఫస్ చూడకుండా వదలకూడదు. స్క్రబ్ టైఫస్‌లో చంకలోనో గజ్జలోనో సిగరెట్‌తో కాల్చినట్టు నల్లటి పొక్కు ఉండవచ్చు, బట్టలు తీసి వెతికితేనే దొరుకుతుంది. డాక్సీసైక్లిన్ అనే చవక మందుకు లొంగుతుంది. సాగర్ కాలువ కింది పొలాల నుంచి వచ్చేవాళ్ళయితే రక్తపింజర కాటును కూడా గుర్తుపెట్టుకోవాలి. చీకట్లో ఏదో గీరుకుందనుకున్నది కాటు కావచ్చు. దానికి విరుగుడు పాము మందే, ప్లేట్‌లెట్లు కాదు.

మీ మేనత్త చేతిలో ఉన్న సీసా గురించి. ఆమె ప్రేమను నేను తక్కువ చేయను. కానీ దయచేసి అది లోపలికి పోనివ్వకండి. సెప్సిస్‌లో బొప్పాయి ఆకు పనిచేస్తుందనడానికి ఆధారం లేదు. పైగా కిడ్నీ పనిచేయని మనిషికి ఆకు రసాలు, కొబ్బరినీళ్ళు, కివీ పండ్లు ఇస్తే పొటాషియం పెరిగి గుండె లయ తప్పవచ్చు. ముక్కు గొట్టంలో ఏది పోయాలన్నా సిస్టర్‌ను అడగకుండా పోయకండి.

పట్నం తీసుకుపోవాలా? కౌంట్ కోసమైతే వద్దు. బీపీ నిలబడి, వెంటిలేటర్ తీసేసి, డయాలసిస్ జరుగుతున్నచోట నుంచి వంద కిలోమీటర్లు అంబులెన్స్‌లో తిప్పడం వల్ల వచ్చేదేమీ లేదు. స్లైడు మీద ముక్కలైన ఎర్రకణాలు కనిపించి ప్లాస్మా మార్పిడి చేయాల్సిన టీటీపీ (సన్న నాళాల్లో గడ్డలు కట్టి ప్లేట్‌లెట్లు ఖర్చయిపోయే జబ్బు) లాంటిది అనుమానిస్తే, లేదా స్టెంట్ పనిచేయక కిడ్నీకి ఇంకో పని చేయాల్సి వచ్చి అక్కడ ఆ వసతి లేకపోతే, అప్పుడు వెంటనే పోవాలి. ఆ మాట మీ డాక్టర్‌నే సూటిగా అడగండి.

మీరు లోపలికి వెళ్ళిన ప్రతిసారీ చూడాల్సినవి: చిగుళ్ళు, ముక్కు, మూత్రం సంచి రంగు, తారులాంటి నల్లటి విరేచనం, మెడ లైన్ చుట్టూ కట్టు తడవడం. ఉన్నట్టుండి తలనొప్పి, వాంతి, మాట తడబడటం, మగతగా ఉండటం కనిపిస్తే క్షణం ఆగకుండా సిస్టర్‌ను పిలవండి. అప్పుడు ప్లేట్‌లెట్లు నిజంగా కావాలి. అందుకే తయారుచేసుకున్న డోనర్లను పంపించేయకండి. ఎస్‌డీపీ ఇచ్చేవాళ్ళకు లక్షన్నర పైన కౌంట్, 50 కిలోల బరువు ఉండాలి, మూడు రోజులుగా ఆస్పిరిన్ వేసుకొని ఉండకూడదు. గంటన్నర దాకా పడుతుంది. ఆ మెషీన్ ప్రతి బ్లడ్ బ్యాంకులో ఉండదు కాబట్టి ఎక్కడ ఉందో ఇవాళే కనుక్కొని పెట్టుకోండి.

చివరగా ఒక పని. మీ అమ్మ సొంత ఊరు మర్రిగూడ అన్నారు, అక్కడి ఫ్లోరైడ్ నీళ్ళకు కీళ్ళు పట్టేసి రోజూ నొప్పి గోలీలు వేసుకునేవాళ్ళు ఎంతమందో నాకు తెలుసు. మీ నాయన కూడా ఆ గోలీలు పంచుకునేవారా? డైక్లోఫెనాక్ లాంటివి ఉన్న ప్లేట్‌లెట్లను పనిచేయనివ్వవు, కడుపులో పుండ్లు చేస్తాయి, కిడ్నీని దెబ్బతీస్తాయి. అలాగే కల్లుగానీ మందుగానీ ఏళ్ళ తరబడి అలవాటుంటే దాచకుండా చెప్పండి. లివర్ గట్టిపడి స్ప్లీన్ (ప్లీహం) పెరిగినవాళ్ళకు ఇలాంటి ఇన్ఫెక్షన్ రాకముందే కౌంట్ 80,000, 90,000 ఉండవచ్చు. షుగర్‌కు చూపించుకున్నప్పటి పాత రక్తపరీక్షలు ఇంట్లో ఏదో కవర్లో ఉండే ఉంటాయి. వాటిలో పాత ప్లేట్‌లెట్ కౌంట్ దొరికితే మీ నాయన మామూలు లెక్క ఎంతో తెలుస్తుంది. ఆ కవరూ, ఇంట్లో ఆయన వేసుకునే గోలీల షీట్లన్నీ రేపు పొద్దున తీసుకెళ్ళి డ్యూటీ డాక్టర్ చేతికివ్వండి.